'సిన్స్ వెన్' తర్వాత 'డు' రావచ్చా, రాకూడదా?

వానచినుకు: ప్రాక్టీసు పేపర్లో 'సిన్స్ వెన్ డు యూ నో హిమ్?' తప్పట, 'హావ్ యూ నోన్' అనాలట. మరి ఇంగ్లిష్ సీరియల్స్‌లో 'సిన్స్ వెన్ డు యూ కేర్?' అని తెగ వింటుంటాం. అక్కడ ఒప్పయినది ఇక్కడ తప్పెలా అవుతుంది?

తాటాకు: సిన్స్ కనబడితే ప్రెజెంట్ పర్ఫెక్టే. ఇందులో చర్చేముంది? సీరియల్ వాళ్లు గ్రామర్ చూసుకుని మాట్లాడతారా?

గాలిపటం: అంత తేలిగ్గా కొట్టిపారేయకండి తాటాకు గారూ. 'సిన్స్ వెన్ డు యూ కేర్?' అనేవాడికి తేదీ అక్కర్లేదు. 'నీకెప్పట్నుంచి పట్టింపొచ్చిందోయ్' అని దెప్పుతున్నాడు. దానికి '2019 నుంచి' అని బదులిస్తే నవ్విపోతారు. పేపర్లోది పరిచయం ఎన్నాళ్లదని అడగడం, కాబట్టి అక్కడ పర్ఫెక్టే.

తాటాకు: నేనన్నదీ అదేగా!

గాలిపటం: సగమే. మీ సూత్రం ప్రకారం 'డు యూ కేర్' కూడా తప్పవ్వాలి, కానీ కాదు. పైగా 'సిన్స్ వెన్ హావ్ యూ బీన్ ద బాస్?' చూడండి, పర్ఫెక్టే, అయినా దెప్పిపొడుపే. మామూలుగా అడగాలంటే నేనైతే 'సిన్స్ వెన్' జోలికే పోను. 'హౌ లాంగ్ హావ్ యూ నోన్ హిమ్?' అంటే గొడవే లేదు.

నిద్రగన్నేరు: మనవాళ్లు బోల్తా పడేది ఆ 'హౌ లాంగ్' దగ్గరేనండీ. 'ఎన్నాళ్లుగా ఉంటున్నారు' అనుకుని 'హౌ లాంగ్ ఆర్ యూ స్టేయింగ్ హియర్?' అంటారు. అవతలివాళ్లు 'అంటిల్ ఫ్రైడే' అంటారు. ఎప్పుడొచ్చారంటే ఎప్పుడెళ్తారో చెబుతున్నారు! 'ఎలా అడిగినా అర్థమవుతుందిలే' అనేవాళ్లకి ఇదే నా జవాబు.

తాటాకు: అది కంటిన్యువస్. టాపిక్ సింపుల్ ప్రెజెంట్ కదా?

నిద్రగన్నేరు: సరే, సింపుల్‌లోనే చెప్తా. 'హౌ లాంగ్ ఆర్ యూ హియర్ ఫర్?' అన్నా అదే తంతు. 'వేర్ డు యూ కమ్ ఫ్రమ్?' అంటే సొంతూరు చెబుతారు. 'వేర్ హావ్ యూ కమ్ ఫ్రమ్?' అంటే ఇప్పుడెక్కణ్ణుంచి వస్తున్నారో చెబుతారు. రెండూ ఒప్పే, అడిగేది వేరు.

వానచినుకు: అయితే బద్ధకిష్టి ఫ్రెండు పొద్దున్నే లేస్తే 'సిన్స్ వెన్ డు యూ గెటప్ ఎర్లీ?' అనొచ్చా?

గాలిపటం: భేషుగ్గా. ఇంటర్వ్యూ చేసేవాళ్ల మీద మాత్రం ప్రయోగించకండి. ఆ పేపర్లో 'హావ్ యూ నోన్' పెట్టేయండి, వాదిస్తే మార్కులు రావు.