దేవుని చిత్తమని మీరు ఎలా తెలుసుకున్నారు? అనుభవాలు పంచుకోగలరు

విజయవాడ నర్సు:
ప్రభువు నామమున అందరికీ వందనాలు. ఎనిమిదేళ్లుగా నర్సుగా పనిచేస్తున్న నాకు ఐర్లండులోని ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. చేరతానో లేదో ఈ నెలాఖరులోగా చెప్పాలి. నాన్నగారు లేరు, అమ్మకు చక్కెర వ్యాధి ఉంది, తమ్ముడి చదువు ఇంకా రెండేళ్లు మిగిలి ఉంది. గత డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కొత్త సంవత్సరానికి వాగ్దానంగా ఒక్కొక్కరూ తీసుకునే బైబిలు వచనాల కార్డుల్లో నాకు వచ్చిన వాగ్దాన కార్డు మీద, అబ్రామును స్వదేశం విడిచి బయలుదేరమని దేవుడు చెప్పిన ఆదికాండము 12:1 ఉంది. అప్పటికి ఈ ఉద్యోగం ఊసే లేదు కాబట్టి ఇదే దేవుని నడిపింపు అని అమ్మ గట్టిగా నమ్ముతోంది. మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించినా నా హృదయానికి మాత్రం సమాధానం, అంటే మనశ్శాంతి, కలగడం లేదు. ఇటువంటి సమయంలో మీరు ఏం చేశారో, పొరబడినవారుంటే ఎక్కడ పొరబడ్డారో దయచేసి రాయండి.

ఖమ్మం ఉపాధ్యాయుడు:
చెల్లీ, పొరబడినవారిలో నేనొకణ్ణి. కొన్నేళ్ల క్రితం ఒక విశ్వాసితో కలిసి పాఠశాల పెట్టాలనుకున్నప్పుడు, బైబిలులో గిద్యోను దేవుని మాట నిజమో కాదో తెలుసుకోవడానికి గొఱ్ఱెబొచ్చు పరచి సూచన అడిగినట్టుగా, శనివారంలోగా బ్యాంకు అప్పు మంజూరైతే అది నీ చిత్తమని అర్థం చేసుకుంటాను ప్రభువా అని ప్రార్థించాను. శుక్రవారమే మంజూరైంది. లెక్కలు చూసిన మా మామగారు ఈ అద్దె కట్టుకుంటూ నడపలేరని ముందే చెప్పినా, ఆ మాటను అవిశ్వాసమని కొట్టిపారేశాను. రెండేళ్లకే పాఠశాల మూతపడింది, అప్పు ఈనాటికీ తీరుతూనే ఉంది. తరువాత న్యాయాధిపతులు 6వ అధ్యాయం మొదటినుండి చదివితే, బొచ్చు పరచకముందే 14వ వచనంలో దేవుడు గిద్యోనుతో వెళ్లమని స్పష్టంగా చెప్పి ఉన్నాడనీ, రెండోసారి సూచన అడిగేటప్పుడు గిద్యోనే కోపపడవద్దని బతిమాలుకున్నాడనీ కనిపించింది. ఆయన చెప్పిన మాటను నమ్మలేక గిద్యోను సూచన అడిగాడు. నేను ఆయన చెప్పని మాటను చెప్పించుకోవాలని అడిగాను. మామగారి నోట వచ్చిన సలహానే నా ప్రార్థనకు జవాబు అయి ఉండవచ్చునన్న ఆలోచన అప్పట్లో నాకు రాలేదు.

ఒంగోలు పాఠకుడు:
అన్నయ్యగారి అనుభవం బాధ కలిగించింది. అయినా సూచనలన్నింటినీ కొట్టివేయవద్దని మనవి. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ మిషనరీ క్లౌ దొరగారి విషయం మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మా పిల్లలను మీ బడికి పంపబోమని అగ్రవర్ణాల వారు పట్టుబట్టినప్పుడు ఆయన ఏం చేయాలో తోచక బైబిలు తెరిస్తే, లోకములో వెఱ్ఱివారిని, బలహీనులను దేవుడు ఏర్పరచుకొన్నాడనే 1 కొరింథీయులకు 1:26 భాగం వచ్చింది. వేరే గదిలో ఉన్న దొరసానిగారికీ అదే భాగం దొరికింది. బడి పోయినా సరేనని ఆయన నిలబడ్డారు. ఇది దేవుని నడిపింపు కాదని నేను అనలేను.

సికింద్రాబాదు సంఘ పెద్ద:
తమ్ముడు చెప్పినది నిజమే, నాకూ ఎంతో ఇష్టమైన సాక్ష్యం అది. అయితే ఆ వచనం సరిగ్గా క్లౌ గారి ముందున్న ప్రశ్న గురించే మాట్లాడుతుంది. పుస్తకం తెరుచుకోకపోయినా పేదవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడం తప్పని సువార్త అంతా చెబుతూనే ఉంది. ఆ రోజు ఆయనకు దొరికింది, తెలిసిన సత్యానికి లోబడే ధైర్యం. అమ్మా, నీ కార్డు సంగతి వేరు. ఆ రాత్రి అదే పళ్లెంలోంచి అదే కార్డు మంచం పట్టిన ఒక ముసలాయన చేతికి వచ్చి ఉంటే ఆయన ఏ దేశానికి బయలుదేరాలి? ఆ మాట అబ్రాముకు చెప్పినది. అందులోని దేవుని నమ్మకత్వాన్ని మనం పట్టుకోవచ్చు గాని, ప్రయాణపు ఆజ్ఞగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

మరొక మాట. తలుపు మూసుకుంటే చిత్తం కాదని తేలికగా అనేస్తాం. ఫలితం లేదని, అమెరికా బాప్టిస్టులు ఇక్కడ నడిపే తెలుగు మిషనును మూసివేయాలని 1853లో అమెరికాలో చర్చించారు. మరుసటి సంవత్సరం జనవరి 1న ఆ మిషనరీ జువెట్ దొరగారు, దొరసానిగారు కొద్దిమంది విశ్వాసులతో ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ తరువాత గొప్ప కరువు వచ్చినప్పుడు, తిండి కోసం చేరారనే మాట రాకూడదని క్లౌ గారు బాప్తిస్మాలే ఆపివేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ మధ్య సంవత్సరాలలో తలుపు తెరిచి ఉందో మూసి ఉందో చూసి ఎవరు చెప్పగలిగేవారు?

డాలస్ సోదరి:
నాకు ఏ సూచనా రాలేదు. పెద్దలను అడిగి, ఖర్చులు రాసుకుని, యాకోబు 4:15లో ఉన్నట్టు ప్రభువు చిత్తమైతే వెళ్తానని చెప్పి బయలుదేరాను. మూడో ఏడు అమ్మ చనిపోయింది, నేను చేరేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. దేవుని చిత్తం తప్పి వచ్చినందుకే ఇలా జరిగిందని చాలాకాలం నన్ను నేను నిందించుకున్నాను. యెరూషలేములో తనకు బంధకాలు, అంటే చెర, ఉన్నాయని తెలిసే పౌలు వెళ్లాడనీ, ఆపలేకపోయినవారు ప్రభువు చిత్తము జరుగును గాక అని ఊరకున్నారనీ అపొస్తలుల కార్యములు 21లో చదివిన రోజున ఆ భారం కొంత దిగింది. చెల్లీ, సమాధానం లేదంటున్నావు. అది వెళ్లవద్దనే హెచ్చరికో, అమ్మను విడిచి ఉండలేని ప్రేమో నిదానంగా చూసుకో. రెండూ లోపల ఒకేలా ఉంటాయి.

విజయవాడ నర్సు:
అక్కా, మీ మాట చదివి ఏడ్చాను. నిన్న రాత్రి కార్డు సంగతి పక్కన పెట్టి, నేను వెళ్తే నీకు ఎలా ఉంటుందమ్మా అని మొదటిసారి సూటిగా అడిగాను. ఇంటి అప్పు నా పెళ్లికి అడ్డం వస్తుందనే భయంతోనే వాగ్దానాన్ని అంత గట్టిగా పట్టుకున్నానని అమ్మ చెప్పింది. మందులూ పరీక్షలూ చూసుకోవడానికి పక్క వీధిలో ఉన్న పిన్ని ఒప్పుకుంటుందేమో ఆదివారం ఆరాధన తరువాత కూర్చుని మాట్లాడబోతున్నాము. చేరే తేదీని ఆరు నెలలు వాయిదా వేయమని ఆసుపత్రికి ఈ రోజే రాశాను. దయచేసి మా ముగ్గురి కోసం ప్రార్థించండి.