మిదీ కాలువ గట్టు: తారు వెయ్యాలా, మట్టిబాటగానే ఉంచాలా?

లాకులపల్లి (తూలూజ్)
నిన్న తూలూజ్ నుంచి కాస్తెల్నోదరి దాకా కెనాల్ దు మిదీ గట్టు మీద సైకిల్ తొక్కాను. 65 కిలోమీటర్లు. తెలియనివాళ్ళ కోసం: దక్షిణ ఫ్రాన్స్‌లో తూలూజ్ నుంచి మధ్యధరా తీరం దాకా 240 కిలోమీటర్లు పారే కాలువ ఇది. పియేర్-పోల్ రికే 1666లో మొదలుపెట్టాడు. 1681లో పడవలు తిరిగాయి, కానీ ఆయన అంతకు కొన్ని నెలల ముందే పోయాడు, చూడలేకపోయాడు. లాకులు, పడవలు, వాటిని గుర్రాలు తాళ్ళతో లాక్కెళ్ళిన గట్టుబాట, అన్నీ ఇప్పటికీ ఉన్నాయి.

ఆ గట్టు మీద తూలూజ్ నుంచి పోర్-లోరగే దాకా 50 కిలోమీటర్లు తారు. ఓత్-గరోన్ జిల్లా దాటి ఓద్ జిల్లాలోకి వెళ్ళేసరికి తారు ఐపోతుంది. ఆ తర్వాత కంకర, మట్టి, చెట్ల వేళ్ళు. నా రైడ్ అసలు మొదలైంది అక్కడే. నాతో వచ్చిన ఆఫీసు మిత్రుడికి మాత్రం అక్కడే సరదా తీరిపోయింది: 28 ఎంఎం సన్న టైర్లు, రెండు పంక్చర్లు, నోటినిండా తిట్లు. "సముద్రం దాకా తారు పోసేస్తే పీడ వదిలిపోతుంది కదా" అన్నాడు. కాస్తెల్నోదరిలో కసూలే (తెల్ల చిక్కుడుగింజలు, బాతుమాంసం మట్టిమూకుడులో గంటలకొద్దీ మగ్గించే వంటకం) తింటున్నంతసేపూ ఇదే వాదన.

నేనైతే వెయ్యకూడదంటాను. ఫ్రాన్స్‌లో తారురోడ్లకి కరువా? 2024లో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం వాళ్ళే త్రువా ఊరి చుట్టూ ద్రాక్షతోటల మధ్య తెల్లమట్టి బాటలు వెతుక్కుని, 14 ముక్కలుగా 32 కిలోమీటర్లు పరిగెత్తించారు. ఉన్న మట్టిబాటని మనమెందుకు చెడగొట్టుకోవాలి? మీరేమంటారు?

శనివారంసవారీ
40 ఎంఎం టైర్లున్నవాళ్ళకి గతుకులు ముద్దొస్తాయి అన్నా. మా అత్తగారి వీల్‌చెయిర్‌కి రావు. ఆవిడ మూడు నెలలు మా దగ్గరున్నారు. తారున్న రామోన్‌విల్ వైపు సాయంత్రం పూట గట్టు మీదకి తోసుకెళ్ళేవాళ్ళం. పడవలు లాకులోకి రావడం, నీళ్ళు నిండేకొద్దీ మెల్లగా పైకి లేవడం చూసి, అచ్చం మా గోదావరి కాలువలాగే ఉందే అని మురిసిపోయేవారు. ఒకసారి కార్కసోన్ తీసుకెళ్ళాం. అక్కడ గట్టు మీద వంద గజాలు పోయేసరికి ముందు చక్రాలు వేళ్ళ మధ్య ఇరుక్కున్నాయి. ఆవిడ ఏమీ అనలేదు, "పోదాం పదమ్మా" అన్నారంతే.

ఇలాంటి బాటలని ఇక్కడ వ్వా వెర్త్ అంటారు, పచ్చబాట అని. 2004 నుంచి రోడ్డు చట్టంలోనే ఉంది: మోటారు లేనివాళ్ళకి, నడిచేవాళ్ళకి, గుర్రాలకి. అందరిదీ అన్నాక చక్రం ఎంత లావుందో చూసి రానివ్వడం ఏం న్యాయం?

మొరంరోడ్డు
తారు, మట్టి అని రెండే ఉన్నట్టు మాట్లాడుతున్నారేం? ఇక్కడివాళ్ళు స్తబిలిజే అనేది ఒకటి వేస్తారు. సన్న కంకర, ఇసుక కలిపి, తడిపి, రోలర్‌తో తొక్కిస్తారు. అచ్చం మన మొరం రోడ్డే. మజామె నుంచి బెదరియూ దాకా పాత రైలుకట్ట మీద పాస పయిస్ అనే బాట ఉంది, దాదాపు 80 కిలోమీటర్లు. చాలావరకు ఇలాంటిదే. ఎండాకాలంలో దాని మీద వెళ్తుంటే సైకిల్ కింద సన్నగా చప్పుడు, అంతే. వీల్‌చెయిర్ కూడా పోతుంది.

చిక్కల్లా మరమ్మతు దగ్గరే. గట్టివాన పడితే వాలులో నీళ్ళు కోసుకుపోతాయి, చక్రం పట్టేంత గాడి పడుతుంది. ఏటేటా పూడ్చాలి. తారైతే వేసి పదేళ్ళు మర్చిపోవచ్చనుకుంటారు. జిల్లా పరిషత్తులకి అదే నచ్చుతుంది.

లాకులపల్లి
మర్చిపోవచ్చా? తూలూజ్ వైపు తారు కింద నుంచి వేళ్ళు ఎలా పొడుచుకొచ్చాయో చూశావా? మట్టిలో వేరు కనిపిస్తుంది, తప్పుకుంటాం. తారు కింద ఉంటే అప్పడంలా ఉబ్బుతుంది. నీడలో కనబడి చావదు, ఎగిరి పడ్డాక తెలుస్తుంది. నా మోచేయి సాక్ష్యం.

చెట్టుచేమ (మోంపెలియే)
వేళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఆ చెట్లు ప్లాటాన్లు, కశ్మీర్ చినార్‌కి దగ్గరి చుట్టాలు. కాలువ పొడుగునా 42,000 ఉండేవి. 2006లో వాటిలో ఒక బూజు తెగులు బయటపడింది. గాయం గుండా లోపలికి పోయి నీళ్ళు పైకెక్కే నాళాలని మూసేస్తుంది. కొన్నేళ్ళలో చెట్టు నిలువునా ఎండుతుంది. మందు లేదు. తెగులు పట్టిన చెట్టునీ దాని పక్కవాటినీ కొట్టి తగలబెట్టడమే. అలా వేలకొద్దీ పోయాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా నుంచి వచ్చిన తూటాల పెట్టెల చెక్కలో ఈ తెగులు ఇక్కడికి చేరిందని చెప్తారు.

ఇప్పుడు తారు వెయ్యాలంటే ఏం చెయ్యాలి? అడుగో అడుగున్నరో తవ్వాలి. అంటే వేళ్ళు తెగుతాయి. ఒక చెట్టు దగ్గర తవ్విన మెషీన్‌ని శుభ్రంగా కడక్కుండా ఇంకో చెట్టు దగ్గరికి తీసుకెళ్తే తెగులుని చేత్తో అంటించినట్టే. పడవల తాళ్ళు చెట్లకి కట్టొద్దన్నది కూడా ఇందుకే. నాకు సైకిల్ లేదు, ఈ గొడవలో నాకేం పక్షం లేదు. తవ్వకండి అంటున్నాను, అంతే.

లాకులపల్లి
దండం పెట్టాను గురూ. ఇంక వాదన ముగిసినట్టేనా?

శనివారంసవారీ
అప్పుడేనా? చెట్లు కొట్టేసినచోట వేళ్ళు లేవు కదా. కార్కసోన్ పక్కన త్రెబ్ ఊరి దగ్గర ఎండలో మాడుతూ వెళ్ళాను, బారులు బారులుగా నీడే లేదు. అక్కడ వెయ్యడానికి అడ్డేమిటి?

చెట్టుచేమ (మోంపెలియే)
అక్కడే వేరే జాతుల మొక్కలు నాటుతున్నారు. ఇంకో ఇరవై ఏళ్ళకి వాటికీ వేళ్ళుంటాయి. గట్టుకి కాస్త ఎడంగా వేస్తే పర్వాలేదేమో, గట్టు అంత వెడల్పున్నచోట. మీ మాట కొంతవరకు నిజమే.

బ్రెవే_బాబాయ్ (హైదరాబాద్)
నేను 2023లో పారిస్-బ్రెస్ట్-పారిస్ అనే దూరపు సైకిల్ రైడ్ తొక్కాను, 1,200 కిలోమీటర్లు, 90 గంటల్లో. అంతా తారే, కాబట్టి గ్రావెల్ (కంకర, మట్టిబాటల మీద సైక్లింగ్) పండితుణ్ణని చెప్పుకోను. పుట్టింది మాత్రం కోనసీమలో. కాలువగట్టూ తెలుసు, పుంతా (పొలాల మధ్య మట్టిబాట) తెలుసు. వానాకాలంలో పుంతలో సైకిల్ భుజానికెత్తుకుని బడికెళ్ళినవాణ్ణి. ఇవాళ అదే బురద కోసం నాలుగు లక్షలు పెట్టి సైకిల్ కొంటున్నారు, నవ్వొస్తుంది.

తమ్ముడూ లాకులపల్లీ, మీరు పుంతని గట్టు మీద వెతుకుతున్నారు. ఫ్రాన్స్‌లో అసలు గ్రావెల్ కాలువ పక్కన లేదు. శెమన్ రూరాల్ అంటారే, ఊరి పంచాయతీ సొంతమై జనం నడవడానికి వదిలినవి, పొలాలకి పోయే బాటలు, అక్కడుంది. బ్రిటనీలో వాటిని రిబిను అంటారు. వాటి మీదే త్రో బ్రో లెయోన్ అని 1984 నుంచి పందెం పెడుతున్నారు. బ్రిటనీవాళ్ళలో అందరికంటే ముందొచ్చినవాడికి బతికున్న పందిపిల్ల బహుమతి! కాలువ ముసలివాళ్ళది, పిల్లలది, సామాన్లేసుకుని నెమ్మదిగా పోయేవాళ్ళది. అది వాళ్ళకి వదిలెయ్యండి.

మీకు దగ్గర్లోనే చెప్తాను. నొరూజ్ దగ్గర ఆగండి. మిదీ కాలువకి అదే ఎత్తయిన చోటు. అక్కడ పడ్డ నీళ్ళు కొన్ని అట్లాంటిక్ వైపు, కొన్ని మధ్యధరా వైపు పోతాయి. ఆ నీళ్ళు వచ్చేది మోంతాన్ నువార్ కొండల నుంచి, సాన్-ఫెర్రెయోల్ చెరువు నుంచి. తెచ్చే పిల్లకాలువ పక్కనే రెవెల్ వైపు బాట ఉంది, గడ్డీ మట్టీ. దాన్ని పట్టుకుని చెరువు దాకా పోండి.

లాకులపల్లి
బాబాయ్ గారూ, ఆ పిల్లకాలువ నాకు తట్టనేలేదు, సిగ్గుగా ఉంది. కానీ ఒక్క మాట. ఆ పొలంబాటలు మ్యాప్‌లో ఉన్నన్ని నేల మీద లేవు. తూలూజ్‌కీ కాస్తెల్నోదరికీ మధ్య లోరగే ప్రాంతపు గోధుమ చేలల్లో మ్యాప్ గీత చూసుకుని వెళ్తే ఎదురుగా దున్నేసిన పొలం. రైతు కలిపేసుకున్నాడు, పంచాయతీ అడగలేదు. రెండుసార్లు జరిగింది నాకు. గట్టు అలా మాయం కాదు కదా, అందుకే దాని మీద పేచీ పడుతున్నాను. అత్తగారి సంగతికి నా దగ్గర జవాబు లేదు. ఊళ్ళ దగ్గర, లాకుల దగ్గర మొరంరోడ్డు చెప్పిన స్తబిలిజే వెయ్యమనండి, సంతకం పెడతాను. తారుకి మాత్రం పెట్టను.

శనివారంసవారీ
ఊళ్ళ దగ్గర అంటే ఎంత దూరం? ఆవిడకి వంద గజాలు సరిపోవు. లాకు నుంచి లాకు దాకా వెయ్యమనండి, అప్పుడు ఆలోచిస్తాను. తారు మాట వెనక్కి తీసుకున్నానని మాత్రం అనుకోకండి. ఇంతకీ వచ్చే శనివారం ఆ సాన్-ఫెర్రెయోల్‌కి ఎవరు వస్తున్నారు? నా దగ్గరున్నవి 35 ఎంఎం, చాలా?

మొరంరోడ్డు
ఎండగా ఉంటే చాలు, గాలి కొంచెం తగ్గించి తొక్కు. వానపడితే లోరగే బంకమట్టి ఫోర్క్‌కీ టైరుకీ మధ్య ముద్దకట్టి చక్రం తిరగదు, పుల్లతో గోక్కుంటూ కూర్చోవాలి. శుక్రవారం రాత్రి వాతావరణం కూడా చూడు. ఓతాన్ గాలి లేస్తే తూలూజ్ నుంచి పోయేటప్పుడు ఆగ్నేయం నుంచి మొహం మీదకే కొడుతుంది. అలాగైతే రైలెక్కి కాస్తెల్నోదరిలో దిగి ఇటు తొక్కుకుంటూ వద్దాం.