లైబ్రరీ వర్క్‌షాప్‌ల కోసం నాలుగు సెలవులు పెట్టొచ్చా? నా చెరువులన్నీ సముద్రంలో ఉన్నాయి

కట్టమీద_మాస్టారు:

అందరికీ నమస్తే. నేను నారాయణపేట వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్తాను. హైదరాబాద్‌లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, ఇది నాలుగో ఏడు. అంశం మా వైపు చెరువులు: ఎవరు తవ్వించారు, తూములు ఎవరు చూసుకునేవాళ్లు, కట్టలు ఎప్పుడు పాడుబడ్డాయి.

వచ్చే నెల నాలుగు గురువారాలు మా యూనివర్సిటీ లైబ్రరీ వాళ్లు వర్క్‌షాప్‌లు పెడుతున్నారు. మొదటిది డేటాబేసుల్లో వెతకడం, తర్వాత జర్నల్‌కి పేపర్ పంపడం, ఆ తర్వాత కాపీరైట్, చివరిది క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో మ్యాపులు గీయడం. ఒక్కోటి రెండున్నర గంటలే గానీ నాకు ఒక్కోదానికి తెల్లవారుజాము బస్సు, ఒక సీఎల్ పోతాయి. ఉన్నవి ఐదే సీఎల్‌లు. అందులో ఒకటి మరదలి కూతురి పెళ్లికి ఇప్పటికే మాటిచ్చేశాను. మా గైడ్‌ని అడిగితే 'వెళ్తే మంచిదే' అన్నారు. వెళ్లకపోయినా మంచిదే అన్నట్టు వినిపించింది.

నా తిప్పలు ఇవీ. బండి మీద తిరిగి 62 చెరువుల దగ్గర ఫోన్‌లో పాయింట్లు తీసుకున్నాను. వాటిని ఎక్సెల్‌లో ఎక్కించి క్యూజీఐఎస్‌లో తెరిస్తే అన్నీ విశాఖపట్నానికి కిందగా సముద్రంలో పడ్డాయి. మా ఆవిడ చూసి 'పోన్లెండి, ఇన్నాళ్లకు మీ చెరువులకి నీళ్లొచ్చాయి' అంది. ఇంకోటి, 1972 కరువప్పుడు ఒక పత్రికలో వచ్చిన ఎండిన చెరువు ఫొటో నా థీసిస్‌లో వేయాలి. సురవరం ప్రతాపరెడ్డి గారి రచనలోంచి రెండు పేజీలు యథాతథంగా అనుబంధంలో పెట్టాలి. థీసిస్ శోధగంగలోకి, అంటే ఎవరైనా ఆన్‌లైన్‌లో చదివే థీసిస్‌ల భండారంలోకి వెళ్తుంది కదా, రేపు ఎవరైనా వచ్చి 'ఎవర్నడిగి వేశావు' అంటే?

సమోసా_కమిటీ:

పోయినేడాది రెండింటికి వెళ్లాను అన్నా. మొదటి గంటంతా 'పరిశోధన అనగానేమి'. స్లైడు మీద ఉన్నదాన్నే చదివారు. సమోసా వేడిగా ఉంది, సర్టిఫికెట్‌లో నా పేరు తప్పుగా ఉంది. సీఎల్‌లు దాచుకో. యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి.

ఎగువ_మత్తడి:

మాస్టారూ, నేను జాగ్రఫీలో నిరుడు థీసిస్ ఇచ్చాను. ఇలాంటి వర్క్‌షాప్‌లు ఒక ఆరు చూసుంటాను. పై తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, చేతులూపుకుంటూ వెళ్తే మిగిలేది సమోసానే. కానీ నా పని కదిలింది కూడా అక్కడే. పాడైపోయిన నా ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని వెళ్లిన రోజు, క్లాసు అయ్యాక కుర్చీలు సర్దుతున్న ఆవిడ దగ్గర నిలబడి చూపిస్తే, పది నిమిషాల్లో తేల్చింది.

మీ సముద్రం సంగతి ముందు చూద్దాం. ఫోన్ యాప్ మీకు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చిందా, లేక లక్షల్లో ఉండే అంకెలా? ఆరంకెల సంఖ్య ఒకటి, ఏడంకెల సంఖ్య ఒకటి ఉంటే అది యూటీఎం అనే కొలత పద్ధతి. దాని ముందు 43క్యూ అని ఉండి ఉంటుంది, ఎక్సెల్‌లో ఎక్కించేటప్పుడు మీరు దాన్ని వదిలేసి ఉంటారు. అసలు గుట్టు అక్కడే ఉంది. యూటీఎంలో భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోస్తారు. 78 డిగ్రీల రేఖాంశానికి తూర్పున 44వ పట్టీ, పడమర 43. హైదరాబాద్ 44లో ఉంది, అందుకే ఇక్కడ అందరూ కళ్లు మూసుకుని ఆ పట్టీ కోడ్, ఈపీఎస్‌జీ 32644 కొట్టేస్తారు. నారాయణపేట 77.5 దగ్గర, అంటే 43లో. మహబూబ్‌నగర్ పట్టణమైతే ఇంచుమించు గీత మీదే కూర్చుంది. 43 అంకెల్ని 44 అని చెప్తే క్యూజీఐఎస్ నోరెత్తకుండా అన్నిటినీ ఆరు డిగ్రీలు తూర్పుకి జరిపేస్తుంది. 77.5కి ఆరు కలపండి, 83.5. మీ అక్షాంశం మీద అది బంగాళాఖాతమే.

లేయర్ పేరు మీద కుడి క్లిక్ కొట్టి, లేయర్ సీఆర్‌ఎస్‌లో (ఆ అంకెలు ఏ లెక్కలోవో చెప్పే చోటు) 43వ పట్టీ కోడ్ 32643 పెట్టండి. ప్రాజెక్ట్ సీఆర్‌ఎస్ కాదు, లేయర్‌దే. నేను ఆ రెంటికీ తేడా తెలియక ఒక వేసవంతా పోగొట్టుకున్నాను.

మ్యాపుల క్లాసుకి మాత్రం తప్పకుండా వెళ్లండి. మీకు పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు కూడా కావాలి కదా, నీళ్లు ఎక్కడిదాకా ఉండేవో చూడటానికి. స్కాన్ చేసిన షీటుని నేలకి అతికించడం యూట్యూబ్‌లో చూస్తే తేలిగ్గానే ఉంటుంది, చేస్తే తెలుస్తుంది. భూమి ఆకారాన్ని లెక్కకట్టే పద్ధతులు వేరు: పాత షీట్లు ఎవరెస్ట్ లెక్కలో ఉంటాయి, మీ ఫోన్ డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో చెప్తుంది. ఆ తేడా పట్టించుకోకపోతే కట్ట ఒకచోట, తూము ఇంకోచోట తేలతాయి.

కాపీరైట్ క్లాసుకీ వెళ్లండి. సురవరం గారి విషయంలో భయం లేదు. ఆయన 1953లో పోయారు. మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్క, అంటే 2013తో తీరిపోయింది. అయితే కొత్త ముద్రణకి ఎవరైనా రాసిన ముందుమాట, ఫుట్‌నోట్లు వాళ్లవి, అవి ఎత్తకండి. హక్కు తీరింది కదా అని పేరు చెప్పకుండా వాడితే అది గ్రంథచౌర్యం, దాని లెక్క వేరు. యూజీసీ 2018 నియమాల్లో వేరేవాళ్ల రాతతో పది శాతం దాకా పోలికకి శిక్ష లేదు, పేరు చెప్పి కొటేషన్‌లో ఇచ్చింది అందులోకి రాదు.

ఫొటో సంగతి అంత తేలిక కాదు. 2012 సవరణ తర్వాత ఫొటోకి కూడా తీసినవాళ్లు పోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు లెక్క; తీసినవాళ్ల పేరు లేకుండా 1972లో అచ్చైతే 2032 చివరిదాకా హక్కు ఉంటుంది. పరిశోధనకి, విమర్శకి వాడుకోవడానికి 52వ సెక్షన్‌లో వీలుంది. ఫొటో గురించి నాలుగు మాటలు రాసి దాన్ని చూపిస్తే ఒకటి, అధ్యాయం మొదట్లో అందానికి వేస్తే ఇంకోటి. మీరు మొదటిది చేయండి, పత్రికకి ఒక ఉత్తరం కూడా రాసి పడేయండి. రేపు పుస్తకం వేసినప్పుడు ఎలాగూ కావాలి.

జర్నల్ క్లాసు మీ ఇష్టం. వాట్సాప్‌లో 'మూడు రోజుల్లో ప్రచురణ' అని వచ్చేవాటికి డబ్బు కట్టకండి, ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు నంబరు) ఉన్నంత మాత్రాన మంచి జర్నల్ అయిపోదు. యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా, అదే యూజీసీ కేర్, 2025లో ఎత్తేశారు కాబట్టి ఎవరైనా ఇంకా ఆ ముద్ర చూపిస్తే అక్కడే అనుమానించండి. డేటాబేసుల క్లాసు వదిలేయండి.

బీరువా_తాళం:

నేను వేరే యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. అలా వదిలేయమంటే ఎలా మేడం, మేమూ మనుషులమే. మాస్టారూ, ఆ క్లాసులో ఒక్క జోటెరో భాగం చాలు మీకు, అది చదివిన పుస్తకాల వివరాలు దాచి గ్రంథసూచి తయారుచేసే సాఫ్ట్‌వేర్. తెలుగు పేర్లు నేరుగా దించుకుంటే చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది. ఒక అబ్బాయి గ్రంథసూచిలో వరసగా పదకొండు మంది రావులు, తొమ్మిది మంది రెడ్లు ఉన్నారు, సురవరం వారు ఎక్కడున్నారో వెతుక్కోవాలి. చేత్తో దిద్దుకోవాల్సిందే. మీ థీసిస్ తెలుగులో అయితే డీటీపీ వాళ్లు వాడే పాత అను ఫాంట్లలో కొట్టించకండి, యూనికోడ్‌లో ఉంచండి. లేకపోతే పీడీఎఫ్‌లో 'చెరువు' అని వెతికినా దొరకదు.

ఇంకో మాట. మీది ప్రభుత్వ కాలేజీ అన్నారు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ కాలేజీలకి కూడా జర్నళ్లు ఇస్తున్నారు. మీ ప్రిన్సిపాల్‌ని అడగండి, పేపర్ల కోసం బస్సెక్కే పని తగ్గొచ్చు.

కట్టమీద_మాస్టారు:

మేడం, 43క్యూ నిజంగానే ఉంది! నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన నేనే రాసుకున్నాను, అదేదో ఫోన్ మోడల్ అనుకుని ఎక్సెల్‌లో వదిలేశాను. 32643 పెట్టగానే అరవై రెండూ ఒక్కసారిగా లేచి పడమటికి వచ్చేశాయి. మా ఆవిడని పిలిచి చూపించాను. 'అయితే మళ్లీ ఎండిపోయాయన్నమాట' అంది.

రెండు సీఎల్‌లు పెట్టాను, కాపీరైట్‌కి ఒకటి, మ్యాపులకి ఒకటి. జోటెరో మా అబ్బాయి నేర్పుతానన్నాడు. కాలేజీ సంగతి ప్రిన్సిపాల్ గారిని అడిగితే, ఆ లాగిన్ ఎవరి దగ్గరుందో కనుక్కుంటామన్నారు.

ఒక చెరువు మాత్రం ఇప్పటికీ సరిహద్దు దాటి కర్ణాటకలో కనిపిస్తోంది. ఇదేం తప్పురా బాబూ అని ఆ ఊళ్లో మా మేనమామకి ఫోన్ చేశాను. ఊరు మనదేనట, చెరువు వాళ్లదట.