కారు జీపీఎస్‌తో జియోకాషింగ్ కుదురుతుందా?

ప్రశ్న: కారు డాష్‌బోర్డు మీద పెట్టే పాత జీపీఎస్ ఉంది నా దగ్గర. ఎవరో దాచిపెట్టిన డబ్బాను జీపీఎస్‌తో వెతికి పట్టుకునే ఆట, అదే జియోకాషింగ్, ఆడదామని ఆదివారం మా పాపతో హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టలకు వెళ్లా. రోడ్డు మీద ఉన్నంతసేపూ బాగానే చూపించింది. బండి దిగి రాళ్లలోకి నడిచామో లేదో, బాణం గుర్తు మళ్లీ రోడ్డెక్కి కూర్చుంది. గంట తిరిగినా డబ్బా దొరకలేదు, పాప మొహం చిన్నబోయింది. చేతిలో పట్టుకునేది కొనాల్సిందేనా?

జవాబు: కారు జీపీఎస్ మనల్ని దగ్గర్లోని రోడ్డుకు అతికించేస్తుంది తమ్ముడూ. రోడ్డుతో పని లేకుండా నేరుగా చూపించే ఆఫ్ రోడ్ మోడ్ ఉందేమో చూడు. డబ్బా ఉన్న చోటి అక్షాంశ, రేఖాంశాల అంకెలు కూడా సరిచూసుకో. డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో మూడు దశాంశాలు ఇస్తారు. 17 డిగ్రీల 25.500 నిమిషాలంటే 17.425 డిగ్రీలు. 17.255 అని కొడితే దాదాపు 19 కిలోమీటర్లు దక్షిణాన తేలతావు.

ప్రశ్న అడిగినవారు: అంకెలు సరిగ్గానే కొట్టానన్నా. ఆఫ్ రోడ్ కూడా దొరికింది. కానీ ప్లగ్ తీస్తే బ్యాటరీ అరగంట కూడా నిలవట్లేదు.

ఇంకో జవాబు: నేను రెండూ వాడతాను. బండి ఆపే దాకా కారుది, అక్కణ్నుంచి చేతిది. నాది రెండు ఏఏ సెల్లులతో రోజంతా వస్తుంది, వానలో తడిసినా పనిచేస్తుంది. అయితే ఆఖరి నాలుగైదు మీటర్లు ఏ జీపీఎస్సూ కచ్చితంగా చూపదండీ. అక్కడ దాన్ని జేబులో పెట్టేసి, ఎవరో పేర్చినట్టున్న చిన్న రాళ్ల కోసం వెతకండి. పాప సందులో చెయ్యి పెట్టకముందే మీరు కర్రతో తట్టి చూడండి.