మాస్టారి స్మృతిలో ఈ ఏటి త్యాగరాజ ఆరాధన: కార్యకర్తలకు విన్నపం

అందరికీ నమస్కారం.

మన వయొలిన్ మాస్టారు లేకుండా జరగబోతున్న మొదటి త్యాగరాజ ఆరాధన ఇది. పుష్య బహుళ పంచమి తరువాత వచ్చే శనివారం, ఒహాయోలోని కొలంబస్‌లో మనం ఏటా అద్దెకు తీసుకునే బడి హాలులోనే, ఆరాధనను, మాస్టారి సంస్మరణను కలిపి జరపాలని కార్యవర్గం నిర్ణయించింది.

సంస్మరణ ప్రసంగాలకు ఇప్పటికే ఎనిమిది మంది పేర్లు ఇచ్చారు. వారి అభిమానాన్ని నేను తక్కువ చేయడం లేదు; నాకూ మాట్లాడాలనే ఉంది. అయినా ఇద్దరే, అయిదేసి నిమిషాలు మాట్లాడాలని, మిగిలిన సమయమంతా, త్యాగరాజు పంచరత్న కృతులు అయిదింటినీ అందరం కలిసి పాడే గోష్ఠికే ఇవ్వాలని నా మనవి. శాలువా కప్పుతామంటే మొహమాటపడి, వెనక వరుసలో పిల్లల మధ్యకు వెళ్ళి కూర్చున్న మనిషి ఆయన. ఆ ఇద్దరిలో ఒకరు, మాస్టారు చదువుకున్న విజయనగరం సంగీత కళాశాల గురించి పిల్లలకు చెప్పాలి. 1919లో మొదలైన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులని, ఆయన తరువాత 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ పీఠం ఎక్కారని, మాస్టారి కమాను పట్టు ఆ ఇంటిదేనని మన పిల్లలకు తెలియాలి.

పంచరత్నాలలో నాట రాగంలోని మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. 1978 నుంచి క్లీవ్‌లాండ్‌లో జరుగుతున్న ఆరాధనకు మాస్టారు ఏటా వసంతంలో మన పిల్లలను తీసుకువెళ్ళేవారు. రెండు గంటలకు పైగా సాగే ఆ కారు ప్రయాణమంతా ఉచ్చారణ పాఠమే. తమిళులు, కన్నడిగులు, మలయాళీలు మన భాషను నోరారా పాడుతున్న చోట తెలుగు పిల్లలు నసగకూడదని ఆయన పట్టుదల. ‘మహానుభావులు’ అనేటప్పుడు పిల్లల పెదవుల ముందు పలచని కాగితం ముక్క పట్టుకునేవారు. కాగితం కదిలితేనే ‘భా’ పలికినట్టు. ఆరేళ్ళ మా అమ్మాయికి ఆ కాగితాన్ని కదిలించడానికి నాలుగు వారాలు పట్టింది. కదిలిన రోజున ఆయన ఏమీ అనకుండా ఆ ముక్కను మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు చిక్కు పంచరత్నాలలో వరాళి రాగంలోని కృతితో వచ్చింది. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పితే ఇద్దరికీ ఎడబాటు వస్తుందన్న పాత నమ్మకాన్ని మాస్టారు పాటించేవారు. పాఠం అక్కడికి రాగానే కుర్చీని కిటికీ వైపు తిప్పుకొని, తనకోసమే పాడుకుంటున్నట్టు పాడేవారు. పిల్లలు వెనక నుంచి విని పట్టుకునేవారు. అందువల్ల ఆ ఒక్క కృతికి ఎవరి పుస్తకంలోనూ స్వరం పూర్తిగా లేదు. ఆయన పాడుతుండగా ఎవరి ఫోనులో రికార్డు అయి ఉన్నా, ఎంత చిన్న ముక్క అయినా, దయచేసి ఈ ఆదివారంలోగా పంపండి. వాటిని వింటూనే సాధన చేద్దాం. ఆయన పెట్టిన పద్ధతి కూడా అదే కదా.

మాస్టారి వయొలిన్‌ను ఆ రోజుకు ఇవ్వడానికి అమ్మగారు ఒప్పుకున్నారు. దానిని పటం పక్కన దండ వేసి ఉంచుదామన్న సూచన వచ్చింది గాని, నేను అంగీకరించలేకపోతున్నాను. ఆయన పెద్ద శిష్యురాలు దానిపైనే గోష్ఠికి వాయించాలి. జనవరి చలిలో హీటరు గాలికి కర్ర ఎండి తీగలు బిగించే బిరడాలు జారిపోతాయి కనుక, వాద్యాలు తెచ్చేవారు వాటిని కారు డిక్కీలో వదలకుండా, గోష్ఠికి గంటన్నర ముందే హాలులోకి తెచ్చి, ఆ గాలికి అలవాటు పడనివ్వాలి. మృదంగం ఎడమ వైపు వేసే రవ్వ ముద్ద కూడా త్వరగా ఎండిపోతుంది; వేదిక పక్కన ఒక గిన్నెలో నీళ్ళు ఉంచే బాధ్యత ఎవరైనా తీసుకోండి.

కుర్చీలకు ఆరుగురు, బూట్లు, కోట్లు పెట్టే చోట ఇద్దరు, మైకుల దగ్గర ఒకరు కావాలి.

వంటల బృందం నుంచి:

పులిహోర, దద్ధ్యోజనం, చక్కెర పొంగలి మేము చేస్తాము. ఏటా ఉదయం ఇచ్చే కాఫీ, ఉప్మా గోష్ఠికి ముందే ఉండాలా అని అడుగుతున్నారు. అలాగే మా ఇంట్లో వరాళి రికార్డు ఒకటి ఉంది, కాని మధ్యలో మిక్సీ చప్పుడు వినిపిస్తుంది. పంపమంటారా?

సమన్వయకర్త జవాబు:

తప్పకుండా పంపండి, మిక్సీ చప్పుడుతో సహా. ఉప్మా గోష్ఠి తరువాతే పెడదాం. తిన్న వెంటనే పాడితే గొంతు బరువెక్కుతుందని మాస్టారు ఒప్పుకునేవారు కాదు. పిల్లలకు మాత్రం ముందుగా గోరువెచ్చని పాలు, అరటిపండ్లు సిద్ధంగా ఉంచండి. ఏటా ఆ పళ్ళెం పట్టుకొని వరుసల మధ్య తిరిగేది ఆయనే. ఈసారి ఆ పని నాకు వదిలేయండి.