సౌత్ సైడ్ వదిలి సబర్బ్స్‌కి వెళ్లినవాళ్లు పారిపోయినట్టా?

కొల్లేటి కొంగ (షామ్‌బర్గ్, ఇల్లినాయ్)

మొన్న శుక్రవారం మా హాస్పిటల్‌లో పాట్‌లక్. నేను పులిహోర పట్టుకెళ్లాను. మా సీనియర్ నర్సు ఒకావిడ పీచ్ కాబ్లర్ చేసుకొచ్చింది. నల్లజాతి ఆవిడ, ముప్పై ఏళ్ల సర్వీసు, నాకిక్కడ పెద్దక్క లాంటిది. పుట్టి పెరిగింది చికాగో సౌత్ సైడ్‌లోని చాతమ్‌లో. వాళ్ల నాన్న పోస్టాఫీసు జీతంతో అక్కడ ఇటుకల ఇల్లు కొన్నాడు. పాతికేళ్ల కిందట ఈవిడ ఆ పేట వదిలి దక్షిణాన ఉన్న మ్యాటిసన్ అనే సబర్బ్‌లో, అంటే నగర శివారు ఊళ్లో, ఇల్లు కొనుక్కుంది.

ఎక్స్‌రే డిపార్ట్‌మెంట్ కుర్రాడొకడు, అతనూ నల్లజాతివాడే, ఇంకా సౌత్ సైడ్‌లోనే ఉంటాడు. నవ్వుతూనే అన్నాడు: "మీలాంటివాళ్లంతా సర్దుకుని పోబట్టే కదా మా వీధి ఇలా తగలడింది." ఆవిడ చెంచా పక్కన పెట్టి, "నేను వెళ్లేనాటికి మా అమ్మ వరండాలో కూర్చోవడం మానేసి రెండేళ్లయింది" అంది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. కాబ్లర్ మాత్రం అయిపోయింది.

ఇంటికొచ్చి లెక్కలు చూశా. చికాగో నగరంలో నల్లజాతి జనాభా 1980లో దాదాపు 12 లక్షలు. 2020 సెన్సస్‌కి 8 లక్షల లోపు. కొందరు అట్లాంటా వైపు వెళ్లారు, కొందరు టెక్సస్‌కి, చాలామంది పక్కనున్న సబర్బ్స్‌కే. ఇక్కడ అడిగేది ఒక్కటే. కాస్త సంపాదించుకున్న కుటుంబం పేట వదిలి వెళ్తే అది తప్పా? ఆ కుర్రాడి మాటలో నిజం ఎంత?

సూటిగా

నిజం చాలానే ఉంది. వినడానికి బాగోదు, అంతే.

విలియం జూలియస్ విల్సన్ అని సోషియాలజీ ప్రొఫెసర్, ఆయనా నల్లజాతివాడే, 1987లో ఈ చికాగోనే చూసి ఇదే వాదన చేశాడు. ఒకప్పుడు డాక్టరు, టీచరు, పోస్ట్‌మ్యాను, పాకీపని చేసేవాడు అందరూ ఒకే పేటలో ఉండేవాళ్లు. వేరే చోట ఇల్లు ఎవరూ ఇవ్వరు కాబట్టి ఉన్నారనుకోండి, అయినా ఉన్నారు. చర్చి, కొట్లు, స్కూలు కమిటీ వాళ్ల మీదే నడిచేవి. తలుపులు తెరుచుకోగానే ఉద్యోగాలున్నవాళ్లు వెళ్లిపోయారు. అదే టైమ్‌లో ఫ్యాక్టరీలూ మూతపడ్డాయి. మిగిలింది వెళ్లలేనివాళ్లు. పనికి వెళ్లే మనిషిని రోజూ చూసే అవకాశం కూడా ఆ పిల్లలకి లేకుండా పోయింది.

నర్సుగారిని తప్పుపట్టట్లేదు. కానీ లక్ష మంది తలా ఒక మంచి కారణంతో వెళ్లినా వీధి ఖాళీయే కదా.

లక్ష్మీ నగర్ లాయర్

సూటిగా గారూ, విల్సన్‌ని సగమే చెప్పారు. ఆయన మొదట చెప్పింది ఫ్యాక్టరీలు పోవడం గురించి. పైగా ఆ వాదనకి 1993లో మాసీ, డెంటన్ అనే సోషియాలజిస్టులు గట్టి జవాబే ఇచ్చారు: మధ్యతరగతి వెళ్లిపోవడం కాదు అసలు కారణం, మొత్తం నల్లజాతిని ఒకచోట కుదించి ఉంచడమే అని.

"తలుపులు తెరుచుకోగానే" అని ఎంత తేలిగ్గా అనేశారండీ. ఆ తలుపుల కథ చెప్తా. 1934లో పెట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌హెచ్‌ఏ, ఇంటి లోన్లకి గ్యారంటీ ఇచ్చేది. నల్లజాతివాళ్లున్న పేటలకి మాత్రం ఇవ్వలేదు. దస్తావేజుల్లోనే "నల్లజాతివారికి అమ్మరాదు" అని రాసుకునేవాళ్లు. ఆ షరతుని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. ఇల్లు అమ్మడంలో వివక్ష చట్టవిరుద్ధం అయింది 1968 ఏప్రిల్‌లో, అదీ మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి.

కొంగ గారు చెప్పిన ఆ చాతమ్ ఉంది చూశారా, అది కూడా "వెళ్లిపోయినవాళ్లు" కట్టుకున్న పేటే. గాయని మహాలియా జాక్సన్ 1956లో అక్కడ ఇల్లు కొంటే కిటికీల మీద తుపాకీ గుళ్లు పేల్చారు. అప్పుడది తెల్లవాళ్ల పేట. పదేళ్లు తిరిగేసరికి వాళ్లే ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాళ్లని ఎవరైనా "పారిపోయారు" అని నిలదీశారా? వాళ్లకి లోనూ దొరికింది, హైవే కూడా వేసిపెట్టారు.

చీరాల చిన్నోడు

లాయర్ గారి మాటకి ఒక ముక్క కలుపుతా. మా నాన్నకి 1980ల్లో బ్యాంకు ఉద్యోగం వచ్చి, పల్లె వదిలి టౌన్లో ఇల్లు వెతుక్కున్నాడు. "పెద్దోడైపోయాడు, మనల్ని మర్చిపోయాడు" అని పల్లెలో అన్నారు. టౌన్లో ఇల్లుగలాయన "మీరేమిట్లు?" అని అడిగి, చెప్పాక ఇల్లు లేదన్నాడు. రెండు తిట్లూ ఒకే నెలలో. ఆ నర్సమ్మ చెంచా ఎందుకు పక్కన పెట్టిందో నాకు తెలుసు. పోలిక ఇంతవరకే, అమెరికా సంగతి అమెరికాదే.

పెరుగన్నం (నేపర్‌విల్)

అన్నా, ఇదంతా ఎప్పటి సంగతి. ఇప్పుడు ఎవరు ఎవర్ని ఆపుతున్నారు? డబ్బుంటే ఎవరైనా ఎక్కడైనా కొనుక్కోవచ్చు. మేం కొన్నప్పుడు రంగు చూశామా? స్కూల్ రేటింగ్ చూశాం, క్రైమ్ మ్యాప్ చూశాం, కొన్నాం. మనకెందుకీ టెన్షన్.

కాపలాదారు (మోడరేటర్)

దీని కింద నల్లజాతివాళ్లని కించపరిచే మాటతో వచ్చిన ఒక పోస్టు తీసేశాను. ఆ మాట మన దగ్గర "అందరూ వాడేదే" అని మెసేజ్ పెట్టారు. అందరూ వాడతారనే తీసేశాను.

సుగుణ (అట్లాంటా)

పెరుగన్నం తమ్ముడూ, రంగు చూడలేదన్నావు. నేనూ అలాగే అనుకునేదాన్ని. మేం 2011లో ఫోర్సైత్ కౌంటీలో కొన్నాం. మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో నీకు తెలిసే ఉంటుంది. సంక్రాంతికి మా సబ్‌డివిజన్‌లో ముగ్గుల పోటీ పెడితే జడ్జీలు చాలరు. 2020 లెక్కల్లో రెండున్నర లక్షల జనాభాలో ఆసియావాళ్లు వందకి 18 మంది. నల్లజాతివాళ్లు వందకి ఐదుగురు కూడా లేరు, పక్కనే అట్లాంటా పెట్టుకుని!

ఎందుకో మాకు కొన్నాక తెలిసింది. 1912లో ఈ కౌంటీలో ఉన్న సుమారు 1,100 మంది నల్లజాతివాళ్లని రాత్రిపూట దాడులు చేసే తెల్లవాళ్ల గుంపులు తరిమేశాయి. పొలాలు, చర్చిలు వదిలేసి పోయారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లకి పైగా వాళ్లని ఇక్కడ నిలవనివ్వలేదు. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ ఒక చిన్న ఊరేగింపు తీస్తే రాళ్లు రువ్వారు. తర్వాతి శనివారం దాదాపు 20 వేల మంది వచ్చి నడిచారు. అంటే నేను పదో తరగతి చదువుతున్న ఏడాది. తాతల కాలం కాదు.

సరే, మరి అట్లాంటాలో డబ్బున్న నల్లజాతి కుటుంబాలు ఎటు వెళ్లాయి? ఎక్కువమంది దక్షిణానికి, తూర్పుకి: డీకాల్బ్ కౌంటీ దక్షిణ భాగం, క్లేటన్. క్లేటన్ సంగతి వినండి. 1971లో అక్కడ తెల్లవాళ్ల మెజారిటీ ఉన్నప్పుడు, మార్టా (అట్లాంటా ప్రజారవాణా సంస్థ) రైలూ బస్సూ మాకొద్దని ఓటేశారు. జనం మారారు, ఆ ఓటు మాత్రం అలాగే మిగిలింది. కౌంటీ సొంతంగా నడుపుకున్న బస్సుల్ని కూడా 2010 మార్చి 31న డబ్బుల్లేవని ఆపేశారు. దేశంలోకెల్లా రద్దీ విమానాశ్రయం ఆనుకుని ఉన్న కౌంటీ, అక్కడ పనిచేసేవాళ్లకి బస్సు లేదు. నాలుగేళ్ల తర్వాత ఓటింగ్ పెడితే నూటికి 70 మందికి పైగా మార్టా కావాలన్నారు. అప్పటిదాకా రోడ్డు పక్క గడ్డిలో నడిచి డ్యూటీకి వెళ్లేవాళ్లని కార్లోంచి చూశాను.

స్కూల్ రేటింగ్ అన్నావు కదా. ఆ అంకెలో ఎక్కువ భాగం పరీక్షల మార్కులు. మార్కులు చాలావరకు తల్లిదండ్రుల డబ్బుని బట్టి ఉంటాయి. రంగు అడగకుండానే జవాబు వచ్చేస్తుంది. నేనూ ఆ అంకె చూసే కొన్నాను, దాచుకోను.

మేరీల్యాండ్ మావయ్య

ముప్పై ఏళ్లుగా ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో ఉంటున్నా. వాషింగ్టన్ డీసీ నుంచి వచ్చిన నల్లజాతి గవర్నమెంట్ ఉద్యోగులు, మిలిటరీవాళ్లు, లాయర్లు కట్టుకున్న కౌంటీ ఇది. 1990 సెన్సస్‌కే సగం దాటారు. 1970లో డీసీ జనాభాలో వాళ్లు వందకి 71 మంది, 2011కల్లా సగం కంటే తగ్గారు.

ఇక్కడ ఎవరూ ఏడుస్తూ కూర్చోలేదు, అది ముందు చెప్పాలి. మీ పోస్టులన్నీ చదివితే వాళ్లేదో బాధపడటానికే సబర్బ్స్‌కి వచ్చినట్టుంది. మా బోవీ వైపు ఆదివారం రండి. రెండు గ్యారేజీల ఇళ్లు, చర్చి నుంచి వచ్చే టోపీలు, పెరట్లో బార్బెక్యూ పొగ, కొత్తగా కాలేజీకి వెళ్లే పిల్లకి వీధంతా సాగనంపడం. తెల్లవాళ్ల పక్కన ఉండాలని కాదు వాళ్లు వచ్చింది. తమవాళ్ల మధ్యే, కాస్త పెద్ద పెరడుతో ఉండాలని వచ్చారు. మా పక్కింటి రిటైర్డ్ కల్నల్ గారు ఒకసారి, "కొత్తవాణ్ణని ఎవరికీ నన్ను నేను పరిచయం చేసుకోనక్కర్లేని వీధి ఇది" అన్నారు.

కానీ 2008 ఇళ్ల లోన్ల సంక్షోభం వచ్చింది. మా సందులో పద్నాలుగు ఇళ్లుంటే నాలుగు బ్యాంకు స్వాధీనం చేసుకుంది. మంచి జీతాలు, మంచి క్రెడిట్ ఉన్నవాళ్లకి కూడా ఎక్కువ వడ్డీ పడే సబ్‌ప్రైమ్ లోన్లు అంటగట్టారు. ఇది గాలిమాట కాదు. నల్లజాతి, హిస్పానిక్ కస్టమర్ల దగ్గర ఎక్కువ వసూలు చేశారన్న ప్రభుత్వ కేసుని ఇంటి లోన్ల కంపెనీ కంట్రీవైడ్ 2011లో 33.5 కోట్ల డాలర్లకి, వెల్స్ ఫార్గో బ్యాంకు 2012లో 17.5 కోట్లకి, తప్పు ఒప్పుకోకుండానే సెటిల్ చేసుకున్నాయి. డబ్బు కొంత వచ్చింది, ఇళ్లు రాలేదు. ఇల్లు తప్ప వేరే ఆస్తి లేని కుటుంబానికి అది పోతే, పిల్లలకి మిగిలేది సున్నా.

సూటిగా

మావయ్య గారూ, సుగుణ గారూ, ఒప్పుకుంటున్నా. అయినా నా మొదటి మాట వెనక్కి తీసుకోను. చికాగోలో 2013లో ఒకేసారి యాభై దాకా స్కూళ్లు మూసేశారు, ఎక్కువగా నల్లజాతి పిల్లలవే. పిల్లలు తగ్గారని చెప్పి మూశారు. మీటింగుల్లో గొంతెత్తే తల్లిదండ్రులు ఇంకొంతమంది మిగిలి ఉంటే అంత సులువుగా జరిగేదా?

లక్ష్మీ నగర్ లాయర్

గొంతెత్తారండీ, వేలమంది రోడ్ల మీదకొచ్చారు. మూసేశారు.

ఇంకోటి. సబర్బ్‌కి వెళ్లినంత మాత్రాన అధికారం వెంట రాదు. మిస్సోరిలో సెయింట్ లూయిస్ సబర్బ్ ఫెర్గూసన్ చూడండి. 1990లో నాలుగో వంతు నల్లజాతి జనాభా, 2010కి మూడింట రెండు వంతులు. 2014లో మైకేల్ బ్రౌన్ అనే నల్లజాతి కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపినప్పుడు, 53 మంది పోలీసుల్లో నల్లజాతివాళ్లు ముగ్గురు. ఆ ఊరు జరిమానాలతో ఖజానా నింపుకోవడానికి పోలీసుల్ని వాడుకుంటోందని మరుసటి ఏడాది జస్టిస్ డిపార్ట్‌మెంటే రాసింది.

కొల్లేటి కొంగ

అందరికీ థాంక్స్. ఇవాళ లంచ్‌లో ఆవిడకి ఈ చర్చ మొత్తం ఇంగ్లీషులో చెప్పా. కల్నల్ గారి మాటకి గట్టిగా నవ్వింది. విల్సన్ పేరు చెప్తే "చదివాను, ఆయన మా అమ్మ వరండాలో కూర్చోలేదు" అంది.

తర్వాత ఫోన్‌లో ఆస్తిపన్ను బిల్లు తీసి చూపించింది. ఆవిడ ఇంటి ధర మా ఇంటి ధరలో సగం. పన్ను మాత్రం మాకంటే ఎక్కువ! ముందు నేను నమ్మలేదు. ఆవిడే లెక్క చెప్పింది. ఇక్కడ స్కూళ్లకి ఎక్కువ డబ్బు ఊరి ఆస్తిపన్ను నుంచే వస్తుంది. మ్యాటిసన్‌కి నల్లజాతి కుటుంబాలు వస్తుంటే తెల్లవాళ్లు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. 1995లో ఊరి పాలకులు తెల్లవాళ్లని రమ్మని ప్రకటనలు కూడా వేశారట. రాలేదు. ఆ తర్వాత కొట్లు పోయాయి. లింకన్ మాల్ 2015లో మూతపడింది, తర్వాత కూల్చేశారు. కొట్లు కట్టాల్సిన పన్ను కూడా ఇళ్ల మీదే పడింది. ఇళ్ల ధర పెరగలేదు కాబట్టి రేటు పెంచారు. రేటు ఎక్కువని కొనేవాళ్లు వెనకాడతారు, ధర ఇంకా పెరగదు. నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో, అన్నీ సమానంగా ఉన్న ఇల్లు కూడా సగటున 23 శాతం తక్కువకి పోతుందని బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2018లో లెక్కగట్టారు. ఆవిడ బిల్లు చూశాక ఆ అంకె అర్థమైంది.

చాతమ్ చర్చికి మాత్రం ప్రతి ఆదివారం అరగంట పైన డ్రైవ్ చేసి వెళ్తుందట. అమ్మ ఇల్లు ఉన్న వీధిలోంచే వెళ్తుంది, ఆగదు. వరండాకి ఎవరో తెల్ల రంగు వేశారని చెప్పింది.

పెరుగన్నం (నేపర్‌విల్)

అన్నా, ఆ పన్ను మాట నమ్మక నేనూ కౌంటీ సైట్‌లో కూర్చున్నా. మ్యాటిసన్‌లో అమ్మకానికున్న నాలుగిళ్ల బిల్లులు తీసి, అడిగే ధరతో భాగించా. మాది కూడా తీశా. మా శాతం వాళ్ల దాంట్లో సగం కూడా లేదు. నేను నిన్నటిదాకా మా ఆవిడతో, మన పన్నులు ఎక్కువని గొడవపడుతున్నా. ఆ నాలుగిళ్లలో ఒకటి మా ఇంటికంటే పెద్దది, వంటగది ఇంకా బాగుంది.