నాలుగు గళ్ళ స్ట్రిప్‌లో జోకు ఎందుకు పేలట్లేదు?

గీతలరాత: ఆర్నెల్లుగా ఒక కామిక్ స్ట్రిప్ గీస్తున్నాను. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, మూడో అంతస్తు అంకుల్, ఒక పిల్లి, అంతే పాత్రలు. బొమ్మలు బాగున్నాయంటారు, నవ్వరు. నిన్నటిది చెప్తా. ఒకటో గడిలో లిఫ్ట్ ఆగిపోతుంది, రెండులో లోపల్నుంచి అంకుల్ కేకలు, మూడులో వాచ్‌మన్ ఫోన్ పెట్టేసి "మెకానిక్ రేపొస్తాట్ట సార్" అంటాడు, నాలుగులో అంకుల్ "అయితే టిఫినైనా పంపించవయ్యా" అంటాడు. మా తమ్ముడు చదివి "ఓ, అయిపోయిందా?" అన్నాడు. ప్రతి గడిలో గ్రిల్లు, వైర్లు, గోడ మీద పెచ్చులూడిన చోటు కూడా గీస్తాను, రెండేసి గంటలు పడుతుంది. తేడా ఎక్కడ కొడుతోంది, బొమ్మలోనా గళ్ళలోనా?

పాతపేపరు: మూడుకీ నాలుగుకీ మధ్య గుక్క తిప్పుకునే చోటు లేదు. అమెరికా పత్రికల్లో చార్లెస్ షుల్జ్ గీసిన కామిక్ స్ట్రిప్ పీనట్స్ చూడండి. 1950లో మొదలైనప్పుడు నాలుగూ ఒకే సైజు గళ్ళు, ఎందుకంటే పత్రికవాళ్ళు అడ్డంగానో నిలువుగానో రెండు మీద రెండుగానో, ఖాళీ ఎలా ఉంటే అలా సర్దుకోవచ్చు. అంటే జాగా ఆదా చేసే ఏర్పాటు. షుల్జ్ దాన్నే పాటలో తాళంలా వాడుకున్నాడు. ఇద్దరు పిల్లలు గోడ మీద చేతులు ఆన్చి నిలబడతారు, ఒక గడిలో ఎవరూ నోరు మెదపరు, కానీ ఆ గడి కూడా మాటలున్న గళ్ళంతే ఉంటుంది కాబట్టి ఆ మౌనాన్ని మనం కూడా పూర్తిగా భరించాల్సిందే. మీ ఒకటీ రెండూ కలిపేయండి. మూడో గడిలో మూసిన లిఫ్ట్ తలుపు, వాచ్‌మన్, పిల్లి, అంతే. ఒక్క మాట వద్దు. ఆ పెచ్చులు కూడా పీకేయండి, కన్ను అక్కడే తచ్చాడుతోంది.

ఆదివారం_అరపేజీ: మౌనం వరకూ ఓకే, సమానంగా ఉండాలంటే మాత్రం ఒప్పుకోను. ఊహల్లో తేలే కాల్విన్ అనే పిల్లాడి మీద బిల్ వాటర్సన్ గీసిన కాల్విన్ అండ్ హాబ్స్ ఉంది కదా, దాని ఆదివారం స్ట్రిప్పులకి మొదట్లో పెద్ద చిక్కు ఉండేది, జాగా లేని పత్రికలు పై వరస ఎత్తేసేవి, కాబట్టి అది లేకపోయినా కథ నడిచేలా గీయాలి. వాటర్సన్ సెలవు తీసుకుని 1992లో తిరిగొచ్చాక, విడగొట్టడానికి వీల్లేని అరపేజీ పట్టుబట్టి తెచ్చుకున్నాడు. ఆ తర్వాతవి చూస్తే కాల్విన్ ఊహించుకునే డైనోసార్‌కి ఆ జాగాలో సగం, క్లాసులో తిట్లకి అగ్గిపెట్టంత గడి. ఇంకోటి, ఊహల్లోని డైనోసార్‌ని కండలతో సహా నిజందానిలా గీస్తాడు, ఇల్లూ వాకిలీ నాలుగు గీతల్లో తేల్చేస్తాడు. పిల్లాడికి ఏది నిజమో గీతే చెప్పేస్తుంది, మాటలక్కర్లేదు. మీ అంకుల్‌ని ఇరుకైన నిలువు గడిలో పెట్టి చూడండి, లిఫ్ట్ అదే అవుతుంది.

ఒత్తులరావు: అందరూ ఇంగ్లీషు స్ట్రిప్పులే చెప్తున్నారు. వాళ్ళు మాటలు రాసే బెలూన్లలో దాదాపు అన్నీ పెద్దక్షరాలే (క్యాపిటల్స్) రాస్తారు, కిందికి వేలాడేది ఏదీ ఉండదు, వరసలు ఒకదాని మీద ఒకటి ఆనించేయొచ్చు. మనకి పైన గుడి, కింద ఒత్తు. "అయితే టిఫినైనా పంపించవయ్యా" రెండు వరసల్లో రాసి చూడు, మధ్యలో జాగా వదలకపోతే పై వరసలోది కింది దాని నెత్తి మీద కూర్చుంటుంది, వదిలితే బెలూన్ సగం గడి తినేస్తుంది. బొమ్మ గీసేశాక మిగిలిన మూలలో మాట ఇరికిస్తున్నావని నా అనుమానం. ముందు అక్షరాలు రాసుకో, తర్వాత మనుషుల్ని గియ్యి. అసలు ఆ మాట "టిఫినైనా పంపు" అని కోసెయ్యొచ్చు కదా.

గీతలరాత: కోస్తే అంకుల్ అంకుల్‌లా ఉండడండీ, ఆ "వయ్యా"లోనే ఉంది ఆయనంతా. రాత్రి మళ్ళీ గీశాను. అంకుల్‌కి నిలువు గడి, మూడోది మౌనం, గోడ మొత్తం తెల్లగా వదిలేశాను. నలభై నిమిషాల్లో అయిపోయింది. మా తమ్ముడు మూడో గడి దగ్గర ఆగి "పిల్లేంటి అలా చూస్తోంది?" అని కిసుక్కుమన్నాడు. నాలుగోది ఇంకా చదవనేలేదు.

పాతపేపరు: అయితే ఆ నాలుగోది అవసరమా అని?